మామ్మకో గది, పోర్చికో అమ్మవారు

మా తామన్‌లో ఇళ్ళన్నీ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని ఫొటోకి నిలబడ్డట్టు వరసగా ఉంటాయి. తామన్ అంటే కాలనీ. కౌలాలంపూర్‌కి గంట దూరం అని అమ్మినప్పుడు చెప్పారట. ఏ రోజు, ఏ వేళప్పుడు అన్నది చెప్పలేదు. ప్రతి ఇంటి ముందూ ఒక కారు పోర్చి ఉంటుంది. పైన కప్పు, ముందు గేటు, మధ్యలో కారు. కట్టినవాళ్ళ ఊహ అది. మా పోర్చిలో బట్టలుతికే మిషను, గాలి లేని సైకిలు, పనిచెయ్యని ఫ్రిజ్జు, ఆ ఫ్రిజ్జులో ఉల్లిపాయలు ఉండేవి. కారు రోడ్డు మీద ఉండేది. వీధిలో అందరి కార్లూ రోడ్డు మీదే ఉండేవి కాబట్టి అదే పద్ధతి అనుకునేవాళ్ళం.

నేను సైబర్‌జయలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని. ఎవరో కట్టినదాంట్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఇంట్లోనూ అదే పని జీతం లేకుండా చేస్తాను కాబట్టి నా మాట ఎవరూ వినరు.

ఇదంతా మామ్మ మోకాలితో మొదలైంది. మామ్మ అంటే నాన్నకి అమ్మ. బటాంగ్ బెర్జుంటై దగ్గర రబ్బరు తోటలో పుట్టి, అక్కడే పాల కోసం చెట్లు గీసి, ఆ చెట్లు కొట్టేసి పామాయిలు మొక్కలు వేశాక కూడా అక్కడే ఉండి, చివరికి కూలీల లైను ఇళ్ళు కూల్చేస్తే మా ఇంటికి వచ్చింది. మోకాలికి ఆపరేషన్ అయ్యాక మెట్లు ఎక్కొద్దన్నాడు డాక్టరు. మా పడగ్గదులన్నీ మేడ మీద. దాంతో మామ్మ మంచం హాల్లోకి దిగింది. సోఫాకి వెనక, టీవీకి ఎదురుగా.

ఆ రోజు నుంచి మామ్మ బతుకు బహిరంగమైపోయింది. చీర మార్చుకోవాలంటే అమ్మ దుప్పటి పట్టుకుని నిలబడాలి. మధ్యాహ్నం కునుకు తీస్తుంటే నాన్న ఫుట్‌బాల్ చూస్తూ పక్కనే ఆవేశపడతాడు. పార్సిల్ తెచ్చిన అబ్బాయి కూడా కిటికీలోంచి చూసి, "పాట్టీ, సాప్టాచ్చా?" అని తమిళంలో కుశలమడిగి పోతాడు. అన్నం తిన్నదీ లేనిదీ పార్సిల్ కంపెనీకి కూడా తెలుసు.

ఒక ఆదివారం అందరం అన్నాల దగ్గరున్నప్పుడు మామ్మ కంచం పక్కకి జరిపి చెప్పింది.

"మంచం బాగానే ఉన్నాది. పేను గాలీ బాగానే ఉన్నాది. నాకొక తలుపు కావాల. లోపల్నించి గెడ ఎట్టుకునే తలుపు."

"ఎవలొత్తారే అమ్మా ఇక్కడికి, గెడ ఎందుకూ?" అన్నాడు నాన్న.

"ఎవలూ రాకుండానే ఎట్టుకుంతాను. తోటలో లైనింటికి ఉండీది తలుపు. ఇంత మేడ కట్టినావు, నాకు తలుపు లేదు."

నాన్న మేడ కట్టలేదు, వాయిదాల మీద కొన్నాడు. కానీ కన్నతల్లి అన్నమాట కాబట్టి అది సూటిగా వెళ్ళి తగిలింది. కంచం ముందే ఆయన లేచి నిలబడి, దేశానికి స్వాతంత్ర్యం ప్రకటించే వాడిలా పోర్చి వైపు చెయ్యి చూపించాడు. "అక్కడ గది కట్టిత్తాను."

ఆ సాయంత్రం నేను మజ్లిస్ వాళ్ళ నిబంధనలు చదివాను. మజ్లిస్ అంటే మా ఊరి మునిసిపాలిటీ. మలయ్ భాషలో రాసిన అధికారిక కాగితం చదవడం మా ఇంట్లో నా శాఖ. అందులో ఉన్నది తేలికగా చెప్పాలంటే ఇది: పోర్చి పోర్చిలాగే ఉండాలి. ఇంటికి ముందు వదిలిన ఖాళీని గోడలతో మూయకూడదు. కారుకి చోటుండాలి. ఏది కట్టాలన్నా రిజిస్టరైన మనిషి గీసిన ప్లాను, ఇరుగుపొరుగుల సంతకం, ముందుగా అనుమతి కావాలి. అయితే ఇంటి లోపల, ముందు గోడకి ఇవతల, తేలికపాటి అడ్డు పెట్టుకోవాలంటే చిన్న పర్మిట్ చాలు.

"హాలుని రెండు చేసి ముందు సగం మామ్మకి ఇచ్చేద్దాం నాన్నా. రూలు ఒప్పుకుంటుంది," అన్నాను.

నాన్న నన్ను, తర్వాత సోఫాసెట్టుని, తర్వాత గాజు బీరువాలో బుద్ధిగా నిలబడ్డ కప్పులని చూశాడు.

"జోకులొద్దు," అన్నాడు.

అక్కడికి మా మావయ్య వచ్చాడు. అమ్మకి అన్నయ్య. తెలుగు సంఘంలో ఏదో ఒక కార్యదర్శి. ఏ కార్యానికో ఆయనకీ పూర్తిగా తెలియదు. ఆయనకి ప్రతి ఆఫీసులోనూ ఒక మనిషి తెలుసు. ఆ మనిషి ఎప్పుడూ ఆ వారమే బదిలీ అయిపోయి ఉంటాడు.

"పర్మిషన్ ఏటి బావా," అన్నాడు మావయ్య. "ఈ ఈదిలో ఎవుడడిగినాడు? సూడు. ఆ సివరింటోడు పోర్చిలో వంటిల్లు కట్టినాడు. ఎదరింటోడు సేపల చెరువెట్టినాడు. మనం అడిగితే ఆల్లకి మన ఇల్లు గుర్తుంటాది. అడక్కపోతే ఎవుడికి తెల్సు లా?"

మా దేశంలో ఏ భాష మాట్లాడినా వాక్యం చివర 'లా' తగిలిస్తే అందులో ఉన్న ప్రమాదం సగం తగ్గినట్టు అనిపిస్తుంది. నాన్నకీ అలాగే అనిపించింది.

శుక్రవారం సాయంత్రం మేస్త్రీ దిగాడు. ఆదివారం సాయంత్రానికి గోడలు లేచాయి. మజ్లిస్ వాళ్ళకి సెలవు రోజులు కాబట్టి ఆ సమయంలో కట్టినవి చట్టానికి కనబడవని మావయ్య సిద్ధాంతం. సోమవారం వాళ్ళు ఆఫీసుకి వస్తారని, గోడలు అప్పటికీ అక్కడే ఉంటాయని ఎవరూ ఆలోచించలేదు. కిటికీ పెట్టారు. తలుపు కోసం సందు వదిలారు. మామ్మ చేతికర్రతో గుమ్మం దాకా వెళ్ళి, ఆ సందు వైపు చూసి, "గెడ ఎక్కడెడతారు?" అని అడిగింది. మేస్త్రీ చూపించాడు. మామ్మ తల ఊపింది.

తలుపు రాకముందే నోటీసు వచ్చింది. గేటుకి అంటించారు. పని ఆపాలి, కట్టినది తీసేసి మునుపటిలా చెయ్యాలి, లేదా వచ్చి వివరణ ఇవ్వాలి.

నాన్న ఆ కాగితాన్ని మరణవార్తలా పట్టుకుని హాల్లోకి వచ్చాడు. ఎవరో ఫిర్యాదు చేశారని ఆయన నిర్ణయించేశాడు. ఎవరో కూడా నిర్ణయించేశాడు. మా ఎడమ పక్క ఇంట్లో ఒక రిటైరైన మలయ్ మాస్టారు ఉంటారు. వీధంతా ఆయన్ని 'చెగూ' అంటుంది, మాస్టారూ అని. ఆయన గోడ పక్క నుంచి మా సిమెంటు వంక ఒకసారి చూశాడట. అది చాలు సాక్ష్యం. నాన్న ఆయనతో మాటలు మానేశాడు. చెగూకి ఆ సంగతి తెలియదు కాబట్టి ఆయన రోజూ చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఆయన భార్య పంపిన కొబ్బరి మిఠాయిల డబ్బా మా ఇంట్లోనే ఉండిపోయింది. ఖాళీ డబ్బా తిరిగివ్వడం అమ్మకి తల తీసేసినట్టు, ఏదైనా వేసి ఇస్తే నాన్నకి ద్రోహం. యుద్ధం ఆ డబ్బా చుట్టూ నడిచింది.

అసలు ఫిర్యాదంటూ ఏమీ లేదని తర్వాత తెలిసింది. మా ఇసుక కుప్ప రోడ్డు మీద సగం దాకా ఉంది. చెత్త లారీ తిరగలేక వెనక్కి పోయింది. లారీవాడు చెప్పాడు, మజ్లిస్ వచ్చింది. మా చెత్తే మమ్మల్ని పట్టించింది.

నోటీసు సంగతి విని మావయ్య భయపడలేదు. ఆనందపడ్డాడు. ఆయన తెలివితేటలకి అప్పటిదాకా సరైన సమస్య దొరకలేదు.

"అమ్మవారిని ఎక్కడెట్టినావు బావా?" అన్నాడు.

అమ్మవారు అంటే మా ఇంటి దేవత. పసుపు రాసిన ఒక నల్లరాయి, పక్కన చిన్న శూలం. శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో వచ్చిన ముత్తాతల కాలం నుంచి తోటలో లైనిళ్ళ వెనక ఒక చెట్టు కింద ఉండేది. తోట పోయాక మామ్మతో పాటు మా ఇంటికి వచ్చింది. మేడ మీద పూజ అలమరలో ఉంటోంది.

"గదిలో కూకోబెట్టు," అన్నాడు మావయ్య. "తోటలో దొరలు ఎన్ని సెట్లు కొట్టించినారు? అమ్మోరి సెట్టు కొట్టించినారా? లేదు కదా. ఆపీసరు ఒత్తాడు, సెప్పులు ఇప్పుతాడు. సెప్పులిప్పినోడు గోడ పగలగొట్టమని ఎలా సెప్పగలడు లా?"

తోటల్లో మా వాళ్ళు మూడు తరాల పాటు నమ్మిన చట్టం అది ఒక్కటే. దేవత కూర్చున్న చోటికి కంపెనీ గొడ్డలి రాదు. అది రబ్బరు చెట్లకి వర్తించింది కాబట్టి కారు పోర్చికీ వర్తిస్తుందని మా పెద్దలు సంతోషంగా ఒప్పుకున్నారు. నేను, "మజ్లిస్ నిబంధనల్లో దేవుళ్ళకి వేరే అధ్యాయం ఉంటుంది మావయ్యా," అన్నాను.

"దీనికి ఎప్పుడూ ఎకసెక్కాలే," అన్నాడు ఆయన అమ్మతో.

మామ్మ మంచం మీంచి అంతా విన్నది. "నాకు గదన్నారు. ఆవిడికిచ్చినారా?" అంది.

"టెంపరరీయే అమ్మా," అన్నాడు నాన్న.

"ఆవిడ ఒచ్చి నూరేళ్ళయినాది. ఎప్పుడెల్లింది?"

అమ్మవారు మేళం లేకుండా, నా చేతుల్లో, మెట్లు దిగి పోర్చిలోకి వచ్చింది.

అమ్మవారిని కూర్చోబెట్టాక ఊరికే ఉండడానికి వీల్లేదు. శుక్రవారం దీపం పెట్టాలి, చలివిడి పెట్టాలి. దీపం పెడితే గేటు తీసుంటుంది. గేటు తీసుంటే చూసినవాళ్ళు లోపలికి వస్తారు. మొదటి శుక్రవారం వెనక వీధి తమిళావిడ నిమ్మకాయల దండతో వచ్చింది. రెండో శుక్రవారానికి ఆవిడ అక్కచెల్లెళ్ళని తెచ్చింది. ఎవరో మా గేటుకి పసుపు గుడ్డ కట్టారు. ఎవరి కొడుక్కో పరీక్ష గట్టెక్కింది, ఆ ఘనత మా పోర్చికి దక్కింది. నోటీసు నుంచి మమ్మల్ని కాపాడడానికి పెట్టిన దేవతని మావయ్యే స్వయంగా పక్కకి వంగి లాటరీ నంబరు అడగడం నేను చూశాను. ఆవిడ ఏమీ చెప్పలేదు. మంచి పని చేసింది.

ఈ భక్తి అంతా జరుగుతున్నప్పుడు మామ్మ హాల్లో అదే మంచం మీద ఉంది. తేడా ఏమిటంటే ఇప్పుడు ఆవిడ చీర మార్చుకోవాలంటే ముందు భక్తులు వెళ్ళిపోవాలి. ఒక శుక్రవారం ఒకావిడ ప్రసాదం పట్టుకుని సరాసరి హాల్లోకి వచ్చి, మామ్మ కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఆపరేషన్ అయిన మోకాలికే.

"నన్ను కూడా పూజ సేసేత్తన్నారు. రేపొద్దున నన్నెత్తుకెల్లి ఆవిడ పక్కనెట్టండి," అంది మామ్మ నాతో. "అక్కడైనా తలుపెడతారు."

నవ్వాను. మామ్మ నవ్వలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. ఆవిడ అలా పడుకోవడం ఆ వారంలో ఎక్కువైంది. హాల్లో మనుషులకి కనబడకుండా ఉండడానికి ఆవిడకి మిగిలింది ఆ ఒక్క దారి.

మజ్లిస్ ఆఫీసరు వచ్చింది. నా వయసు ఉంటుందేమో, తలకి లేత నీలం తుదుంగ్ కట్టుకున్న మలయ్ అమ్మాయి. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబ్లెట్. గుమ్మం దగ్గర ఆగి, ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పింది. మావయ్య మోచేత్తో నాన్నని పొడిచాడు. చూశావా అన్నట్టు.

ఆవిడ గది చూసింది. శూలం చూసింది. నిమ్మకాయలు, పసుపు గుడ్డ, ఎవరో తెచ్చి పెట్టిన ఇత్తడి గంట చూసింది. మర్యాదగా ఫొటోలు తీసుకుంది. తర్వాత మలయ్‌లో నెమ్మదిగా మాట్లాడింది. నేను తెలుగు చేశాను.

"నోటీసు ఇచ్చినప్పుడు ఇది అనుమతి లేని గది అట. ఇప్పుడు చూస్తే ఇళ్ళ స్థలంలో ప్రార్థనాలయం అట. అది ఈవిడ విభాగం కాదట. వేరే దరఖాస్తు, వేరే కమిటీ. స్థలం వాడకం మార్పించుకోవాలి. వచ్చే జనానికి పార్కింగ్ చూపించాలి."

"పార్కింగా?" అన్నాడు నాన్న.

"కారు పోర్చి ఉంటే సరిపోయేది," అన్నాను.

మావయ్య గొంతు సవరించుకుని, మజ్లిస్‌లో తనకి తెలిసిన ఒక పెద్దమనిషి పేరు చెప్పాడు. ఆయన బదిలీ అయిపోయారని ఆ అమ్మాయి చెప్పింది.

"ఇది గుడి కాదు," అన్నాడు నాన్న మలయ్‌లో, చెమట తుడుచుకుంటూ. "మా అమ్మ పడుకోడానికి గది."

ఆఫీసరు గదంతా మళ్ళీ ఒకసారి చూసింది. మంచం లేదు. దిండు లేదు. మనిషి పడుకునే చోటు కూడా లేదు, కొబ్బరికాయలు ఉన్నాయి. "ఆవిడ ఎక్కడ పడుకుంటారు?" అని అడిగింది.

"ఇక్కడ," అని హాల్లోంచి మామ్మ గొంతు వినబడింది.

మామ్మకి మలయ్ తోట మలయ్. వ్యాకరణం ఉండదు, అర్థం ఉంటుంది. ఆ అమ్మాయి వచ్చి మంచం అంచున కూర్చుంది. మామ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, మోకాలు చూపించి, మెట్లు చూపించి, టీవీ చూపించి, చివరికి నాన్నని చూపించింది. రెండు చేతులతో తలుపు మూసి గెడ పెట్టినట్టు అభినయించింది. "అది ఒక్కటే," అంది.

ఆ అమ్మాయి హాలుని ఈ చివర నుంచి ఆ చివరకి చూసి, ట్యాబ్లెట్ మీద వేలితో గీత గీసింది. "పోర్చిలో గోడ ఉండడానికి వీల్లేదు, అది మాత్రం తీసెయ్యాలి. కానీ ఇక్కడ అడ్డు కట్టుకోవచ్చు కదా. ప్లాను గీసేవాళ్ళ చేత గీయించి పంపండి, చిన్న పర్మిట్. కిటికీ కూడా ఉంది."

నాన్న గంభీరంగా తలాడించాడు. "మంచి సలహా," అన్నాడు. నేను చెప్పినప్పుడు అది జోకు. మెడలో కార్డు వేసుకుని చెప్తే సలహా. రేపటి నుంచి నేను కూడా ఆఫీసు కార్డు మెడలో వేసుకునే అన్నానికి కూర్చోవాలి.

ఆవిడ వెళ్ళగానే తల ఆడడం ఆగింది.

"హాలు లేకపోతే అది ఇల్లేటి?" అన్నాడు నాన్న. "ఎవలైనా ఒత్తే ఎక్కడ కూకోబెడతాం?"

"ఎవలొత్తారు?" అంది మామ్మ.

"దీపావళికి ఎంతమందొత్తారు. సంఘం వోల్లొత్తారు."

"ఆల్లు ఒక్క పూటొత్తారు. తింతారు, ఎల్తారు. నాను రోజూ ఉంతాను కదరా."

నాన్న ఏదో అనబోయాడు. మామ్మ ఆగలేదు.

"ఆల్లకి సోపా ఉన్నాది. ఆల్ల కప్పులకి అద్దాల బీరువా ఉన్నాది, దానికి తలుపుందీ, తాళముందీ. నాకు లేదు. రానోల్లకి ఇంత సోటిచ్చినావు."

నాన్న ఫుట్‌బాల్ అప్పుడు తప్ప ఎప్పుడూ హాల్లో అంత సేపు నిలబడ్డం నేను చూడలేదు. అమ్మ లేచి, మాట్లాడకుండా, బీరువాలోంచి కప్పులు ఒక్కొక్కటే తీసి పాత పేపరులో చుట్టడం మొదలుపెట్టింది. ఆయన కాసేపు చూసి, తనూ ఒక కప్పు అందుకున్నాడు.

ఇక మిగిలింది అమ్మవారిని లేపడం. మజ్లిస్ అనుమతి తేలిక. ఈవిడ అనుమతి లేకుండా కదిలిస్తే వీధి ఒప్పుకోదు. మా వాళ్ళ పద్ధతి ప్రకారం పువ్వు అడగాలి. రాతికి రెండు పక్కలా పువ్వులు పెడతారు. కుడి పువ్వు రాలితే సరేనన్నట్టు, ఎడమది రాలితే కాదన్నట్టు. వెనక వీధి తమిళావిడ, ఆవిడ అక్కచెల్లెళ్ళు, మావయ్య, అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. మామ్మని కుర్చీలో కూర్చోబెట్టి తెచ్చాం. పెద్దది కాబట్టి అడగాల్సింది ఆవిడే.

మామ్మ కళ్ళు మూసుకుని అడిగింది. పువ్వు కదల్లేదు. ఉక్కపోత. ఎవరో గట్టిగా ఊపిరి తీశారు. మావయ్య నుదుటి మీద చెమట కనబడింది. పువ్వులు రెండూ నున్నగా, తడిగా, పసుపు మీద అతుక్కుని కూర్చున్నాయి. అమ్మవారికి పోర్చి నచ్చినట్టుంది.

మామ్మ ఒక కన్ను తెరిచి నా వైపు చూసింది.

"ఒలే గుంటా, ఉక్కగా ఉన్నాది. ఆ పేనెయ్యి."

ఎడమ పక్కన నిలబెట్టిన ఫ్యాను వేశాను. కుడి పువ్వు రాలింది. తమిళావిడ చెంపలు వేసుకుంది. గొప్ప అమ్మవారని అందరూ ఒప్పుకున్నారు. ఫ్యాను గురించి నేను ఏమీ అనలేదు. మా ఇంట్లో నాకు నోరు మూసుకోవడం కూడా వచ్చునని అప్పుడు తెలిసింది.

అమ్మవారు నా చేతుల్లోనే మెట్లెక్కి మళ్ళీ పూజ అలమరలోకి వెళ్ళింది. ప్లాను గీసే ఆవిడ హాలు కొలిచి గీసింది, మజ్లిస్ చిన్న పర్మిట్ ఇచ్చింది. పోర్చి గోడలు కట్టిన మేస్త్రీనే పిలిచి పగలగొట్టించారు. కట్టినప్పటికన్నా ఉత్సాహంగా పగలగొట్టాడు. చెగూ గేటు దగ్గరకొచ్చి, దుమ్ములో దగ్గుతూ, గది ఎందుకు తీసేస్తున్నారు, మీ అమ్మగారికి బాగుండేది కదా అన్నాడు. నాన్న నేల చూపులు చూశాడు. అమ్మ ఆ సాయంత్రమే డబ్బా నిండా జంతికలు వేసి పంపింది.

హాలుకి అడ్డంగా తేలికపాటి గోడ వచ్చింది. తెల్లరంగు వేశారు. తలుపు పెట్టారు. మామ్మ మంచం లోపలికి వెళ్ళింది, కిటికీ పక్కకి. టీవీ వంటింటి ముందుకి పోయింది. సోఫా పోర్చిలోకి చేరింది, బట్టల మిషను పక్కన. వానొస్తే ఒక చివర తడుస్తుంది.

మొదటి రోజు అందరం తలుపు దగ్గర నిలబడ్డాం. నాన్న గెడ ఎలా వెయ్యాలో చూపించబోయాడు. మామ్మ ఆయన చెయ్యి తీసేసి లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. గెడ పడిన చప్పుడు వినబడింది. తర్వాత ఏమీ వినబడలేదు. మేమంతా గోడకి ఇవతల నిలబడి ఆ ఏమీ లేనిది విన్నాం. ఇన్ని నెలలుగా మామ్మ తుమ్మినా దగ్గినా మా అందరికీ తెలిసేది. ఇప్పుడు ఏం చేస్తోందో తెలియదు.

నాన్నకి తట్టుకోవడం కష్టమైంది. కాసేపటికి వేలితో తలుపు తట్టాడు.

"ఎవలూ?"

"నానే అమ్మా."

"ఏటి కావాల?"

నాన్న ఆలోచించాడు. "ఏటీ లేదు. ఎలా ఉన్నాదో అని."

"ఏటైనా ఉంటే సెప్తాను," అంది మామ్మ లోపల్నించి. "ఎల్లు."

నాన్న వెళ్ళి పోర్చిలో సోఫా మీద, తడవని చివర కూర్చున్నాడు.